జాంబియా రాగి: ఎగుమతి లెక్కలోని డాలరు లుసాకాకు ఎంత చేరుతుంది?

2020 నవంబరులో, లుసాకా రాజధానిగా ఉన్న జాంబియా 4.25 కోట్ల డాలర్ల బాండు వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. కోవిడ్ మొదలయ్యాక ఆఫ్రికాలో అప్పు ఎగవేసిన తొలి దేశం అదే. అదే ఏడాది ఆ దేశం 8 లక్షల టన్నులకు పైగా రాగి తీసింది. కరెంటు ఖాతాలో మిగులు కూడా చూపించింది. అంటే కాగితం మీద, బయటికి పోయిన డాలర్ల కంటే లోపలికి వచ్చినవే ఎక్కువ. మరి మిగులున్న దేశం ఆపాటి వడ్డీ ఎందుకు కట్టలేకపోయింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే వనరులు అమ్ముకుని బతికే దేశాల వ్యాపారం సగం అర్థమైనట్టే. ఎగుమతి విలువ అంటే సరిహద్దు దాటిన సరుకుకు కట్టిన ధర మాత్రమే. ఆ సొమ్ము ఎవరి ఖాతాలో, ఏ దేశపు బ్యాంకులో పడిందో ఆ అంకె చెప్పదు. జాంబియా ఎగుమతుల్లో దాదాపు 70 శాతం రాగే కాబట్టి ఈ తేడా అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక టన్ను రాగిని గనిలోంచి ఓడరేవు దాకా వెంబడిస్తే డబ్బు ఎక్కడెక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

ముందుగా గని. వాయవ్య ప్రావిన్సులోని సెంటినెల్ లాంటి పెద్ద ఓపెన్ పిట్ (నేలపైనుంచి గొయ్యిలా తవ్వే) గనిలో రాయిలో ఉండే రాగి అర శాతం దరిదాపుల్లోనే. అందులో 90 శాతం చేజిక్కించుకోగలిగినా, ఒక టన్ను రాగికి 220 టన్నులకు పైగా ముడిఖనిజం తవ్వి, పిండి చేయాలి. పైనున్న పనికిరాని మట్టి, బండ లెక్క వేరే. చిలిలబొంబ్వే దగ్గరి కొంకోలాలో పరిస్థితి తలకిందులు. అక్కడ రాగి 3 శాతం పైనే ఉంటుంది, కానీ లోతు ఎక్కువ, నీళ్లు మరీ ఎక్కువ. ప్రపంచంలో అత్యంత తడి గనుల్లో అదొకటి. రోజుకు 3 లక్షల ఘనపు మీటర్లకు పైగా నీరు తోడి పోస్తేనే కింద మనుషులు పని చేయగలరు. అందుకే ఆ గనికి కరెంటు పోవడమంటే ఒక షిఫ్టు పోవడం కాదు, గని మునిగిపోయే ప్రమాదం.

పిండి చేసిన ఖనిజాన్ని నీళ్లలో కలిపి, రసాయనాలు వేసి, గాలి బుడగలు పంపితే రాగి ఉన్న రేణువులు నురగతో పైకి తేలతాయి. దాన్ని వడకట్టి ఆరబెడితే వచ్చేదే కాన్సెంట్రేట్. అందులో రాగి సుమారు 25 శాతం. వ్యాపారంలో మొదటి జారుడు ఇక్కడే మొదలవుతుంది.

కాన్సెంట్రేట్ అమ్మకంలో ధర కట్టేది పొడి బరువు మీద. కాబట్టి తేమ ఎంతో, రాగి ఎంతో రెండూ కొలవాలి. తూకం దగ్గర తీసిన నమూనాను భాగాలు చేసి అమ్మేవాళ్లకొకటి, కొనేవాళ్లకొకటి ఇస్తారు, మూడోది సీలు వేసి దాస్తారు. రెండు ల్యాబుల అంకెల మధ్య తేడా ఒప్పందంలో రాసుకున్న హద్దు లోపల ఉంటే సగటు తీసుకుంటారు. దాటితే మూడో నమూనా మధ్యవర్తి ల్యాబుకు పోతుంది. ఇది చిన్న తగాదా కాదు. వెయ్యి టన్నుల పొడి కాన్సెంట్రేట్‌లో రాగి 25 శాతమా, 24.7 శాతమా అన్న తేడా 3 టన్నుల రాగి. టన్ను ధర 9,000 డాలర్లయితే 27,000 డాలర్లు. తేమ ఎక్కువైతే మరో నష్టం: నీళ్లకు లారీ కిరాయి కట్టినట్టవుతుంది. ఓడలోనైతే సరుకు బురదలా జారి ఓడనే ఒరిగేలా చేయగలదు, అందుకే తేమ హద్దు దాటిన సరుకును ఎక్కించుకోరు.

ఇప్పుడు ధర. 25 శాతం రాగి ఉన్న ఒక టన్ను కాన్సెంట్రేట్‌లో 250 కిలోల రాగి ఉంది, కానీ 250 కిలోలకూ డబ్బు రాదు. మామూలు ఒప్పందాల్లో రాగిలో 96.65 శాతానికి చెల్లిస్తారు, కనీసం ఒక యూనిట్ (అంటే ఒక శాతం పాయింటు) కోత ఉండాలన్న షరతుతో. ఇక్కడ ఆ షరతే వర్తిస్తుంది, 25లోంచి 1 పోయి 24 మిగులుతుంది. అంటే 240 కిలోలు. 9,000 డాలర్ల ధరకు 2,160 డాలర్లు. అందులోంచి కరిగించే ఖర్చు, శుద్ధి చేసే ఖర్చు కోస్తారు. 2024 అంతర్జాతీయ బెంచ్‌మార్క్ ప్రకారం కరిగించడానికి టన్ను కాన్సెంట్రేట్‌కు 80 డాలర్లు, శుద్ధికి పౌను రాగికి 8 సెంట్లు. 240 కిలోలంటే 529 పౌన్లు, కాబట్టి శుద్ధి ఖర్చు 42 డాలర్ల చిల్లర. మొత్తం కోత సుమారు 122 డాలర్లు. 2025లో ఆ బెంచ్‌మార్క్ 21.25 డాలర్లకు, 2.125 సెంట్లకు పడిపోయింది. అదే లెక్కకు కోత 33 డాలర్లు దాటదు. చెల్లింపు పొందే రాగిలో టన్నుకు చూస్తే 370 డాలర్లకు పైగా తేడా, లండన్ మార్కెట్‌లో రాగి ధర ఒక్క సెంటు కదలకుండానే.

గని మాత్రమే ఉన్న దేశానికి ఇది శుభవార్త. స్మెల్టర్లు (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే కర్మాగారాలు) కూడా ఉన్న దేశానికి కాదు. జాంబియాలో కన్సాన్షీ, ముఫులిరా, న్చాంగా, చంబిషిలలో స్మెల్టర్లు ఉన్నాయి. లుమ్వానా లాంటి సొంత స్మెల్టర్ లేని గనుల సరుకు వాటికే పోతుంది, కాంగో నుంచి కూడా కాన్సెంట్రేట్ వస్తుంది. కోత తగ్గితే గని లాభపడి స్మెల్టర్ నష్టపోతుంది. దేశంలోనే శుద్ధి చేస్తే చాలు, విలువ పెరిగిపోతుందని వాదించేవాళ్లు ఈ అంకెను తప్పకుండా చూడాలి. టన్ను రాగి 9,000 డాలర్లు పలికినప్పుడు, కరిగించి శుద్ధి చేసినందుకు దక్కేది మంచి ఏడాదిలో 500 డాలర్లు, చెడ్డ ఏడాదిలో 135. విలువలో పెద్ద భాగం ఖనిజంలోనే ఉంది.

అయినా స్మెల్టర్ పెట్టడానికి గట్టి కారణాలు రెండున్నాయి. ఒకటి రవాణా: సముద్రం లేని దేశం నాలుగు టన్నుల కాన్సెంట్రేట్‌ను రెండువేల కిలోమీటర్లు మోయడం కంటే ఒక టన్ను రాగిని మోయడం మేలు. రెండోది ఆమ్లం. గంధకం ఉన్న ఖనిజాన్ని కరిగిస్తే వచ్చే వాయువును పట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు, టన్ను రాగికి సుమారు మూడు టన్నులు వస్తుంది. ఆక్సైడ్ ఖనిజం నుంచి రాగిని కరిగించి లాగడానికి ఆ ఆమ్లమే కావాలి. జాంబియా గనులకూ, పక్కనే కాంగోలోని కటంగా గనులకూ దాని అవసరం ఉంది. కొనేవాళ్లు ఆగిపోయి ట్యాంకులు నిండిపోతే మాత్రం స్మెల్టర్ కొలిమినే తగ్గించాల్సి వస్తుంది. వాయువును గాలిలోకి వదలకూడదు, ఆమ్లాన్ని ఆరుబయట పోయలేరు. రాగి ధర ఎంత బాగున్నా సరే, ఉత్పత్తి ఆమ్లం దగ్గర ఆగిపోతుంది.

కొలిమి నుంచి వచ్చేది బ్లిస్టర్, దాన్ని పోత పోస్తే ఆనోడ్. రాగి 99 శాతం పైనే. విద్యుత్తుతో శుద్ధి చేస్తే 99.99 శాతం క్యాథోడ్. కస్టమ్స్ పట్టికల్లో బ్లిస్టర్, ఆనోడ్ 7402 కింద, క్యాథోడ్ 7403 కింద, కాన్సెంట్రేట్ 2603 కింద వస్తాయి. జాంబియా వ్యాపార గణాంకాలు చూసేటప్పుడు ఈ మూడింటినీ కలపకుండా విడివిడిగా చూడండి. బ్లిస్టర్, ఆనోడ్‌లలో కాస్త బంగారం, వెండి కూడా మిగిలి ఉంటాయి. వాటికి విడిగా డబ్బు వస్తుంది, ఒప్పందంలో సరిగా రాసుకుంటేనే.

ఇక ధర ఎప్పుడు ఖాయమవుతుంది? సరుకు బయలుదేరిన రోజున కాదు. ఒప్పందంలో ఒక ధర నిర్ణయ కాలం రాసుకుంటారు: సరుకు పంపిన నెల తర్వాతి నెల, లేదా మూడో నెల లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ సగటు అని. అప్పటిదాకా తాత్కాలిక ధరకు ఇన్వాయిస్ వేసి అందులో పెద్ద భాగం చెల్లిస్తారు. ధర పెరుగుతుంటే ఇది హాయిగా ఉంటుంది. 2008లో ఏం జరిగిందో చూడండి. సెప్టెంబరులో నెల సగటు దాదాపు 7,000 డాలర్లు, డిసెంబరులో 3,100 లోపు. సెప్టెంబరులో పంపి, డిసెంబరు సగటుకు ఒప్పుకున్న సరుకుకు అప్పటికే పుచ్చుకున్న డబ్బులో సగానికి పైగా తిరిగి ఇవ్వాలి. కస్టమ్స్ కాగితం మీద మాత్రం సెప్టెంబరు ధరే ఉంటుంది. ధరలు కుప్పకూలిన ఏడాది ఎగుమతి అంకె, కంపెనీ ఖాతా ఒకదానితో ఒకటి కలవకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

కంపెనీ తన అనుబంధ సంస్థకే అమ్ముతుంటే ధర నిర్ణయ కాలాన్ని తనకు అనుకూలంగా ఎంచుకోవడం, తక్కువ ధర చూపించడం సాధ్యమే. మొపాని గని తన మాతృసంస్థకు అమ్మిన రాగి ధరల మీద నడిచిన కేసులో 2020 మేలో జాంబియా సుప్రీంకోర్టు పన్ను శాఖ పక్షాన తీర్పు ఇచ్చింది, 24 కోట్ల క్వాచాల (క్వాచా జాంబియా కరెన్సీ) పన్ను కట్టమంది. అది 2006 నుంచి 2009 దాకా నడిచిన లావాదేవీల సంగతి. తీర్పు రావడానికి పట్టిన కాలం చూస్తే ఈ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. ఈ తలనొప్పి రాయల్టీకి (తీసిన ఖనిజం విలువలో ప్రభుత్వం తీసుకునే వాటాకు) తగలకుండా 2008లోనే చట్టంలో ఒక మంచి కట్టు వేశారు: కంపెనీ ఇన్వాయిస్ ధర ఏదైనా, రాయల్టీ లెక్క లండన్ నెల సగటు ధర మీదే. నా దృష్టిలో జాంబియా గనుల చట్టంలో అన్నిటికంటే పనికొచ్చిన నిబంధన ఇదే.

రాయల్టీ రేటు విషయంలో మాత్రం ఇంత నిలకడ లేదు. ప్రైవేటీకరణ సమయంలో, 1997 నుంచి 2000 మధ్య కుదిరిన ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతం. అప్పుడు రాగి చవక, గనులు నష్టాల్లో ఉన్నాయి, ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నుల దరికి పడిపోయింది. ధరలు లేచాక 2008లో ఆ ఒప్పందాలను పక్కనపెట్టి, రాయల్టీ 3 శాతం చేసి, దానికి తోడు ధరలు బాగా పెరిగినప్పుడు పడేలా 25 నుంచి 75 శాతం దాకా మెట్లున్న విండ్‌ఫాల్ పన్ను తెచ్చారు. అదే ఏడాది చివర ధర కూలింది, 2009లో ఆ పన్నును ఎత్తేశారు. 2012లో రాయల్టీ 6 శాతం. 2015 జనవరిలో ఓపెన్ పిట్‌కు 20 శాతం, భూగర్భ గనికి 8 శాతం అన్నారు. లుమ్వానాను ఆపేస్తామని యజమాని ప్రకటించాక కొన్ని నెలల్లోనే 9, 6 శాతాలకు దించారు. 2019లో మళ్లీ పెంచారు, పైగా లాభం మీద పన్ను లెక్కలో రాయల్టీని ఖర్చుగా చూపకూడదన్నారు. గని మొదలుపెట్టి రాబడి చూడటానికి పదేళ్లు పట్టే వ్యాపారంలో రెండు మూడేళ్లకోసారి రేటు మారితే కొత్త గనులు రావు, ఉన్న గనులు సులువుగా దొరికేది తీసుకుని ఆగిపోతాయి.

2019 పట్టికలో మరో లోపం ఉండేది. ధర మెట్టు దాటితే మొత్తం విలువకూ కొత్త రేటు పడేది. టన్ను ధర 8,999 డాలర్లయితే 8.5 శాతం, అంటే 765 డాలర్లు. 9,000 అయితే 10 శాతం, అంటే 900. ఒక్క డాలరు ధర పెరిగితే 135 డాలర్ల పన్ను. 2022లో రాయల్టీని ఖర్చుగా ఒప్పుకున్నారు. 2023 జనవరి నుంచి ఆదాయపు పన్ను శ్లాబుల్లా ఏ ముక్కకు ఆ రేటు అన్నారు: మొదటి 4,000 డాలర్లకు 4 శాతం, తర్వాతి వెయ్యికి 6.5, ఆపైన 7,000 దాకా 8.5, అక్కడి నుంచి 10. ఇప్పుడు 9,000 డాలర్ల టన్నుకు 160, 65, 170, 200 కలిపి 595 డాలర్లు వస్తాయి, అంటే 6.6 శాతం. రేటు తగ్గించి దేశాన్ని దోచిపెట్టారని కోపం వచ్చేవాళ్లున్నారు, ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ మెట్ల దగ్గర కంపెనీలు అమ్మకాల నెల జరుపుకునే అవకాశం పోయింది, అది చిన్న లాభం కాదు.

8 లక్షల టన్నులు 9,000 ధరకు అమ్మితే ఎగుమతి విలువ 720 కోట్ల డాలర్లు. రాయల్టీ 47.6 కోట్లు. లాభం మీద 30 శాతం పన్ను దీనికి అదనం, కానీ అది లాభం చూపినప్పుడే. పాత నష్టాలను పదేళ్ల దాకా ముందుకు మోసుకెళ్లవచ్చు. మాతృసంస్థ ఇచ్చిన అప్పు మీద వడ్డీ ఖర్చుగా పోతుంది. దీని మీదా 2019 నుంచి హద్దు పెట్టారు, వడ్డీ, తరుగుదలకు ముందటి రాబడిలో 30 శాతం మించకుండా. మిగిలిన డాలర్లు ఎక్కడికి పోతాయి? యంత్రాలు, టైర్లు, విడిభాగాలు, డీజిలు, బ్యాంకు అప్పుల వాయిదాలు. ఇవన్నీ బయటే కట్టాలి కాబట్టి డబ్బును బయటే ఉంచుకుంటారు. జీతాలకు, కరెంటు బిల్లుకు, స్థానిక సరఫరాదారులకు, పన్నులకు ఎంత కావాలో అంతే లోపలికి తెస్తారు. చెల్లింపుల శేషం (దేశానికీ బయటి ప్రపంచానికీ మధ్య డబ్బు లావాదేవీల లెక్క) పట్టికలో ఈ బయట ఉంచిన సొమ్ము కరెంటు ఖాతాలో ఎగుమతిగా కనిపిస్తుంది, ఆర్థిక ఖాతాలో విదేశీ ఆస్తుల పెరుగుదలగా బయటికి పోతుంది. 2020లో కరెంటు ఖాతా మిగులు, కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ జాంబియా దగ్గర మాత్రం అరకొర విదేశీ మారక నిల్వలు అన్న వింతకు పెద్ద కారణం ఇదే. ప్రభుత్వం అప్పు తీర్చాల్సింది ప్రభుత్వం చేతిలోని డాలర్లతో. గని కంపెనీ ఖాతాలో ఉన్నవాటితో కాదు.

దీన్ని సరిచేయడానికి చేసిన ప్రయత్నాల్లో కొన్ని బెడిసికొట్టాయి. 2012లో దేశం లోపల డాలర్లలో ధరలు కట్టడం నిషేధించారు, 2013లో విదేశీ మారకం కదలికల మీద నిఘా నిబంధనలు తెచ్చారు. క్వాచా జారిపోతుండగా 2014 మార్చిలో రెండింటినీ రద్దు చేశారు. తర్వాత వచ్చిన పద్ధతి మెరుగు: గనులు తమ పన్నులను డాలర్లలో నేరుగా కేంద్ర బ్యాంకుకు కడతాయి, దాంతో నిల్వలు పెరుగుతాయి. 2024 జనవరి నుంచి ఎగుమతి సొమ్ము స్థానిక బ్యాంకు ఖాతా గుండా పోవాలన్న నిబంధన ఉంది. డాలర్లను క్వాచాలోకి మార్చమని బలవంతం లేదు. కనీసం ఎంత వస్తోందో, ఎంత పోతోందో కనిపిస్తుంది.

ఇదే తికమకకు మరో ముఖం స్విట్జర్లాండ్. జాంబియా ఎగుమతి పట్టికలో గమ్యస్థానాల్లో పైన కనిపించేది ఆ దేశమే. అక్కడికి రాగి పోదు. కొనే ట్రేడింగ్ సంస్థలు అక్కడ నమోదై ఉన్నాయి, సరుకు మాత్రం చైనాకో మరో చోటికో పోతుంది. ఓడ సముద్రం మీద ఉండగానే రెండు మూడు చేతులు మారవచ్చు. 2013లో జాంబియా పన్ను శాఖ వ్యాట్ వాపసు ఇవ్వడానికి 18వ నియమాన్ని కఠినంగా అమలు చేసింది: సరుకు చేరిన దేశపు కస్టమ్స్ దిగుమతి పత్రం తెచ్చి చూపండి, అప్పుడే ఎగుమతి జరిగిందని నమ్ముతాం అంది. రాగిని గని గేటు దగ్గరే ట్రేడరుకు అప్పగించిన కంపెనీ దగ్గర ఆ పత్రం ఎలా ఉంటుంది? తర్వాతి కొనుగోలుదారు ఎవరో ట్రేడరు చెప్పడు, అది అతని వ్యాపార రహస్యం. వాపసులు ఆగిపోయి 50 కోట్ల డాలర్లకు పైగా పేరుకుపోయాయి, 2015లో నియమాన్ని సడలించాల్సి వచ్చింది. పన్ను శాఖ అనుమానంలో తప్పులేదు. కానీ ఎగుమతిని రుజువు చేయడానికి సరిహద్దు దాటిన కాగితం, డబ్బు చెల్లింపు కాగితం చాలు. సరుకు చివరి గమ్యం అమ్మినవాడి చేతిలో లేని సంగతి.

రవాణా మాటకొస్తే జాంబియాకు ఎనిమిది పొరుగు దేశాలు, సముద్రం మాత్రం లేదు. దార్ ఎస్ సలాం, డర్బన్, బైరా, వాల్విస్ బే రేవులకు దారులున్నాయి. క్యాథోడ్ పలకలను రెండు మూడు టన్నుల కట్టలుగా బిగించి 30 టన్నుల చొప్పున లారీకి ఎక్కిస్తారు. 9,000 ధరకు ఒక్క లారీలో 2.7 లక్షల డాలర్ల సరుకు, అందుకే సీళ్లు, జీపీఎస్, కాన్వాయ్‌లు, బీమా. కసుంబలేసా, నకొండే సరిహద్దుల్లో లారీలు రోజుల తరబడి ఆగితే కిరాయితో పాటు సరుకు మీద పెట్టిన డబ్బుకు వడ్డీ కూడా నడుస్తుంది. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే ఒక లారీ సరుకు మీద రోజుకు 74 డాలర్లు. వందల లారీలు వారం ఆగితే ఎంతో లెక్క వేసుకోవచ్చు. 2021 మేలో కజుంగులా వంతెన తెరవడంతో జాంబెజి మీద ఫెర్రీ కోసం కాచుకునే బాధ ఒక దారిలో తప్పింది.

రైలు ఉండాల్సినంత పని చేయడం లేదు. చైనా వడ్డీ లేని అప్పుతో కట్టి 1976లో అప్పగించిన టజారా మార్గం కపిరి మ్పోషి నుంచి దార్ ఎస్ సలాం దాకా 1,860 కిలోమీటర్లు. ఏడాదికి 20 లక్షల టన్నులు మోయాలని కట్టారు. 2014-15లో లక్ష టన్నులు కూడా మోయలేదు. ఇంజిన్లు లేక, పట్టాలు చూసుకోక, రెండు ప్రభుత్వాలూ ఖర్చు పెట్టక ఆ స్థితి వచ్చింది. 2025లో దాన్ని బాగుచేసి నడపడానికి చైనా కంపెనీతో 30 ఏళ్ల ఒప్పందం కుదిరింది. పడమట అంగోలాలోని లోబిటో రేవు దారి గురించి చాలా వింటున్నాం. ఆ రైలు ఇప్పుడు కాంగోకు పోతుంది, జాంబియాకు మాత్రం వందల కిలోమీటర్ల కొత్త పట్టా వేయాలి.

రాగిని అన్నిటికంటే గట్టిగా దెబ్బతీసేది వాన. దేశంలో కరెంటు 80 శాతానికి పైగా నీటి నుంచే, అందులో సగం గనులే వాడతాయి. కరిబా జలాశయంలో కరెంటు తీయడానికి పనికొచ్చే నీరు 475.5 మీటర్ల నుంచి 488.5 మీటర్ల మధ్య ఉంటుంది, అదీ జింబాబ్వేతో పంచుకోవాలి. 2024లో కరువొచ్చి ఫిబ్రవరి 29న జాతీయ విపత్తు ప్రకటించారు. నాటిన 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షల హెక్టార్లు ఎండిపోయింది, కరిబాలో పనికొచ్చే నీరు పదో వంతు కంటే తగ్గింది. గనులు పొరుగు దేశాల నుంచి డాలర్లు పోసి కరెంటు కొన్నాయి. ఇళ్లకు రోజుకు కొన్ని గంటలే వచ్చింది. రాగి ధర మంచి ఊపులో ఉన్న ఏడాదిలోనే దేశం కరెంటు, తిండిగింజలు రెండూ దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఎగుమతి అంకె పక్కన ఆ అంకెలను కూడా పెట్టి చూడాలి.

ఎగుమతి లెక్కకు ఎక్కని ఖర్చు ఇంకొకటుంది. 2025 ఫిబ్రవరి 18న చంబిషి దగ్గర సైనో-మెటల్స్ కంపెనీ గని వ్యర్థాల కట్ట తెగి ఆమ్లపు నీళ్లు కఫుయే నదిలోకి పోయాయి. కిట్వే నగరానికి నీటి సరఫరా ఆపేయాల్సి వచ్చింది. చేపలు చచ్చాయి, ఒడ్డున పంటలు మాడాయి. కఫుయే నది మీద దేశ జనాభాలో సగానికి పైగా ఏదో ఒక రకంగా ఆధారపడి ఉన్నారు. వ్యర్థాల కట్టల తనిఖీకి, మరమ్మతుకు ముందే డబ్బు కట్టించుకోకపోతే ఈ ఖర్చు చివరికి పడేది వాళ్లమీదే.

రాగి కానివాటిని జాంబియాలో సాంప్రదాయేతర ఎగుమతులంటారు: మజబుకా చక్కెర, కాంగోకు పోయే సిమెంటు, పొగాకు, లుఫ్వన్యామా పచ్చలు. మొత్తం మీద వీటి వాటా చిన్నదే. కానీ ఈ ఎగుమతిదారులు చాలామంది డాలర్లను దేశంలోకే తెచ్చి క్వాచాలుగా మార్చుకుంటారు, ఎందుకంటే రైతులకు, కూలీలకు కట్టాల్సింది క్వాచాలే. మారకపు మార్కెట్‌లో కోటి డాలర్ల చక్కెర చేసే మేలు కోటి డాలర్ల రాగి చేయదు. అయితే కరువొచ్చినప్పుడల్లా మొక్కజొన్న ఎగుమతి ఆపడం వల్ల పొరుగు దేశాల కొనుగోలుదారులు వేరే చోటు చూసుకుంటారు, మళ్లీ పంట పండిన ఏడాది వాళ్లు వెంటనే తిరిగి రారు.

అప్పు కథ దగ్గరికొస్తే, 2012లో 75 కోట్ల డాలర్ల యూరోబాండ్ (విదేశీ మదుపరులకు డాలర్లలో అమ్మే బాండు) 5.375 శాతం వడ్డీకి దొరికింది. 2014లో 100 కోట్లు 8.5 శాతానికి, 2015లో 125 కోట్లు 8.97 శాతానికి. రాగి ధర పడుతున్న కొద్దీ వడ్డీ పెరిగింది, అప్పు కూడా పెరిగింది. 2014 చివర డాలరుకు 6 క్వాచాల చిల్లర ఉన్నది 2015 నవంబరుకు 14 దాకా పోయింది. 2020 ఎగవేత తర్వాత 2022 ఆగస్టులో ఐఎంఎఫ్ 130 కోట్ల డాలర్ల కార్యక్రమం ఇచ్చింది, 2023 జూన్‌లో అప్పిచ్చిన విదేశీ ప్రభుత్వాలతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరింది. 2024లో 300 కోట్ల డాలర్ల బాండ్లను రెండు కొత్త బాండ్లుగా మార్చారు. రెండో బాండులో ఒక షరతు ఉంది: దేశం అనుకున్నదానికంటే బాగా కోలుకుంటే చెల్లింపులు ముందుకు జరుగుతాయి, వడ్డీ పెరుగుతుంది. కోలుకున్నట్టు నిర్ణయించే కొలమానాల్లో డాలర్లలో లెక్కించిన ఎగుమతి విలువ ఒకటి. 2031 నాటికి ఏటా 30 లక్షల టన్నులు తీయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఆ దిశగా వెళ్తూ ఎగుమతి అంకె పెరిగి, డాలర్లు మాత్రం బయటే ఉండిపోతే, చేతికి రాని డబ్బు ఆధారంగా అప్పు భారం పెరుగుతుంది. అందుకే గణాంక సంస్థ నెలవారీ నివేదిక వచ్చినప్పుడు మొదటి పేజీలోని ఎగుమతి మొత్తం కంటే ముందు టన్నులు ఎన్నో చూడండి, తర్వాత బ్యాంక్ ఆఫ్ జాంబియా ఆ నెల గనుల నుంచి పన్నుల రూపంలో ఎన్ని డాలర్లు పుచ్చుకుందో, నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయో చూడండి. సగటున 8 లక్షల టన్నుల దగ్గర, ధర 100 డాలర్లు కదిలితే ఎగుమతి విలువ ఏడాదికి 8 కోట్ల డాలర్లు మారుతుంది. 7,000 దాటిన ధర మీద అందులో రాయల్టీ వాటా 80 లక్షలు.